కాలరు లోపలి స్టెల్లా

బోధన్‌లో స్టెల్లా టైలర్స్ మెట్లెక్కినవాళ్లలో సగంమంది ముందు అడిగేది స్టెల్లా మేడం ఏరని. హుస్నాతో కలిసి ఆ దుకాణం నడిపే ఆమె భర్త రయీస్‌కు ఆ ప్రశ్నంటే పండగే. మిషను ఆపి మరీ చెప్పేవాడు. చిన్నప్పుడు నిజామాబాద్ క్రైస్తవ బడిలో ఒక సిస్టరు నేర్పిన మాట అది, లాటిన్‌లో నక్షత్రమని అర్థం. ఆ భాష ఇప్పుడు ఇళ్లల్లో ఎవరూ మాట్లాడరు, ప్రార్థనల్లోనూ ఆడపిల్లల పేర్లలోనూ మిగిలింది. కొలతలివ్వడానికొచ్చిన మనిషికి ఇంత పాఠమెందుకో ఆయనకే తెలియాలి.

కుట్టిన ప్రతి అంగీ కాలరు లోపల లేబుల్ పడాల్సిందే. దానిమీద స్టెల్లా అన్న పేరు, చిన్న నక్షత్రం, దుకాణం ఫోను నంబరు. తన అంగీలకు మాత్రం వద్దనేవాడు. ఇంటివాడికి చిరునామా దేనికని నవ్వేవాడు. పోయిన బక్రీదుకు హుస్నా అతని నీలిగళ్ల అంగీకి చెప్పకుండా ఒకటి కుట్టేసింది.

ఆ అంగీ తొడుక్కుని ఒకరోజు లైనింగు బట్ట కోసం హైదరాబాద్ బస్సెక్కాడు. మధ్యాహ్నం దుకాణం ఫోను మోగింది. ఎవరో మగమనిషి, నీలిగళ్ల అంగీ మీరే కుట్టారా అని అడిగాడు. ఫిర్యాదేమో అనుకుంది హుస్నా.

"కాలరు బిగువైందా అన్నా? తీస్కొని రాండ్రి, వదులు చేసిస్త."

అతను పోలీసునని చెప్పాడు. ఇందల్వాయి దగ్గర టీ కోసం బస్సు దిగి రోడ్డు దాటుతున్న మనిషిని లారీ కొట్టిందట. ఫోను ముక్కలైందట. ఒంటిమీద ఆనవాలుగా దొరికింది ఈ నంబరొక్కటేనట.

హుస్నా ఏడవలేదు. ఇప్పటికీ ఏడుపు రాదు. ఆరునెలలుగా అంగీలు కుడుతూనే ఉంది గానీ లేబుళ్ల డబ్బా మూత తీయలేదు. ఆ ముక్క కుట్టకపోతే ఆ ఫోను వచ్చేదే కాదని మనసులో ఒక మొండి పట్టు.

మొన్న చందూర్ రైతు తుకారాం కొత్త అంగీని తిప్పి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నక్షత్రం యాడ బిడ్డా? గది లేకుంటే గీ అంగీ యాడిదని ఎట్ల తెలుస్తది?"

హుస్నా చేతులు ఆగిపోయాయి. నిజమే. అది లేకపోతే రయీస్ దిక్కులేని శవంగా పోయేవాడు. మోసే మనవాళ్ల భుజాలు, గోరీ మీద పిడికెడు మట్టి కూడా దక్కేవి కావు. చంపింది లారీ. ఇంటికి తెచ్చింది ఈ గుడ్డముక్క.

డబ్బా తెరిచి తుకారాం కాలరుకు లేబుల్ కుట్టి ఇచ్చింది. అతను వెళ్లాక ఇంకొకటి తీసి, తనకోసం కుట్టుకుంటున్న కమీజు మెడ లోపల పెట్టి చూసింది. సూది గుచ్చబోయి ఆగింది. ఆ నంబరుకు చేస్తే మోగేది ఈ బల్లమీదే. ఎత్తడానికి తను తప్ప ఎవరున్నారు?

లేబుల్ మళ్లీ డబ్బాలో వేసి, తర్వాతి అంగీ అందుకుంది.