సార్ ఎంచిపెట్టిన పుస్తకం

మంగళవారం పొద్దున ల్యాబ్‌లో పనిలో ఉండగా సార్ భార్య ఫోన్ చేశారు. "మీ సార్ పోయినాడమ్మా. కాఫీ తాగి పేపర్ చూస్తా కూసోనుండాడు. పిలిస్తే పలకలేదు" అన్నారు. గొంతులో ఏడుపు లేదు. ఒక్కో మాట విడివిడిగా, జాగ్రత్తగా వచ్చింది. చేతి తొడుగులు తీయడం కూడా మరిచిపోయి చందాపురలోని సార్ ఇంటికి బయలుదేరాను.

ఆయన బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కారు. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో విడిభాగాల కొలతలు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆదివారాలు మా రైఫిల్ క్లబ్బులో కొత్తవాళ్లకు గురి నేర్పేవారు. నాకూ ఆయనే నేర్పారు. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో ఆయన కళ్ల ముందే నేను చూసి ఇచ్చినా, మళ్లీ తెరిచి చూసేవారు. మొదట్లో చిన్నతనంగా అనిపించేది. ఒకసారి అడిగేశాను కూడా. "నువ్వు చూసినావు, సరే. నేనింకా చూడలేదు కదమ్మా" అన్నారు.

నాలుగేళ్ల కిందట నేను పెద్ద రైఫిల్ పోటీలకు మారాను. దూరపు గురికి తూటాలన్నీ ఒకే తీరుగా ఉండాలి. అందుకని కొందరు క్రీడాకారులు వాడేసిన తూటాల గుల్లలను ఇంట్లోనే మందుగుండు పోసి మళ్లీ నింపుకుంటారు. ఎవరు పడితే వాళ్లు చేసే పని కాదిది. లైసెన్సు ఉండాలి, ఆపైన విడిగా అనుమతి తీసుకోవాలి. నేను దరఖాస్తు పెట్టాను. అది తేలేలోగా చదువుకుందామని కొత్తవాళ్ల కోసం రాసిన పుస్తకాలు మూడు సంపాదించి, ఏది మంచిదో చెప్పమని సార్ ఇంటికి తీసుకెళ్లాను.

నిమిషంలో తేలుతుందనుకున్నాను. ఆయన చాప పరిచి, కళ్లద్దాలు తుడుచుకుని, మూడింటినీ వరుసగా పెట్టుకున్నారు. మొదటిది రంగు బొమ్మలున్నది, నాకు బాగా నచ్చినది. పది పేజీలు తిప్పి పక్కన పెట్టేశారు.

"ఏం సార్, బాలేదా?"

"ప్రతి పేజీలో తేలిక, తేలిక అంటా ఉండాడు. తొందర పెట్టే పుస్తకం మనకొద్దు."

రెండోది క్లబ్బు బీరువాలో దొరికిన లావుపాటి పాత పుస్తకం. దాన్ని గౌరవంగా నిమిరి, "ఇది రాసినాయన పెద్దమనిషి. కానీ మందులు మారిపోయినాయి, కొలతలు మారిపోయినాయి. చదువుకునేకి పెట్టుకో, నమ్మేకి వద్దు" అన్నారు.

మూడోది సన్నగా, బొమ్మలు పెద్దగా లేకుండా, ఈమధ్యే సవరించి వేసినది. అందులో మొదటి అధ్యాయమంతా ఈ పని ఎవరు చేయకూడదు, ఎప్పుడు మధ్యలో ఆపేయాలి, తాను చేసిన తప్పులేమిటి అని రచయిత రాసుకున్నాడు. సార్ దాన్ని ముగించి తల పైకెత్తారు.

"ఈ మనిషి భయపడినాడమ్మా. భయం తెలిసినోడే ఇట్లాంటి పుస్తకం రాయాల. ఇది తీసుకో. కానీ స్వల్ప తాళు, రవ్వంత ఆగు, పూర్తిగా చదివి ఇస్తా."

ఎంచడం అయిపోయింది కదా, ఇంకా చదవడమెందుకని మనసులో విసుక్కున్నాను. ఆయన పది రోజులు ఉంచుకున్నారు. ప్రతి పట్టికనూ పక్కన ఇచ్చిన ఉదాహరణతో సరిచూశారట, ఫ్యాక్టరీలో డ్రాయింగు పక్కన పెట్టుకుని వస్తువును కొలిచినట్టు. పదకొండో రోజు పొద్దున ఫోన్ చేశారు. ఒక పట్టికలో ఒక అంకె ఉదాహరణతో కలవడం లేదు, ఉండాల్సిన దానికంటే మందు ఎక్కువ చూపిస్తోంది అన్నారు.

"ఆ మహదేవపుర అబ్బాయి కూడా ఇదే పుస్తకం కొన్నాడు కదమ్మా. ఫోన్ చేసి చెప్పు."

మహదేవపుర అబ్బాయంటే మా క్లబ్బులోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. కర్నూలు వైపు నుంచి వచ్చి మహదేవపురలో స్థిరపడ్డాడు. అనుమతి నాకంటే ముందే వచ్చింది. సార్ ఎంచారని తెలిసి నన్నడిగి పేరు రాసుకుని మరీ అదే పుస్తకం తెప్పించుకున్నాడు. ఒకసారి ఫోన్ చేశాను, కలవలేదు. సార్‌కు ఆ మాటే చెప్పి, "అచ్చుతప్పే కదా సార్, ఆదివారం ఎటూ కలుస్తాం, అప్పుడు చెబుదాం" అన్నాను.

ఆయన "సరేమ్మా" అని పెట్టేశారు.

తర్వాత జరిగింది ఆదివారం ఆ ఇంజనీరు చెబితేనే తెలిసింది. సార్ నాకు ఫోన్ చేసిన రోజే అతను సెలవు పెట్టి, ఫోన్ ఆపేసి, మొదటిసారి తూటాలు నింపడానికి కూర్చున్నాడు. "టేబుల్ మీద అంతా సెట్ చేసుకున్నా మేడమ్. బుక్ అదే పేజీలో ఓపెన్ చేసి ఉంది. బెల్ మోగింది. డోర్ తీస్తే సార్! టాప్ టు బాటమ్ తడిసిపోయి ఉన్నారు. చెప్పు తెగిపోతే చేత్తో పట్టుకున్నారు. 'ఆ పుస్తకం ఏడ ఉండాదప్పా?' అని అడిగారు, అంతే."

డెబ్బై ఆరేళ్ల మనిషి, వానలో, చందాపుర నుంచి మహదేవపురకు రెండు బస్సులు మారి వెళ్లారు. అతను తువ్వాలు తెచ్చేలోగా జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ వరుసంతా కొట్టేశారు. ఆ తర్వాతే తువ్వాలు అందుకుని, వేడినీళ్లు ఉంటే ఇమ్మన్నారు.

అంత మందు పోసి కాల్చి ఉంటే రైఫిల్ అతని మొహం మీదే పగిలేదేమో. అచ్చుతప్పే కదా అన్నది నేను. కాస్త అవతల సార్ ఒక కొత్త పిల్లకు భుజం సరిచేస్తూ నిలబడి ఉన్నారు. దగ్గరకు వెళ్లి, "సార్, నేను ఆ రోజు..." అని మొదలుపెట్టాను. "గాలి మారింది చూడు. నీ వంతు పోతాది, పో" అన్నారు. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

ప్రచురణకర్తలకు ఉత్తరం రాయాలన్నారు. ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను. కోపపు మాట ఒక్కటి కూడా లేదు. పేజీ, వరుస, అంకె, ఎందుకు తప్పనుకుంటున్నారో, అంతే. మూడు నెలలకు జవాబు వచ్చింది. తప్పు నిజమే, సరిదిద్దుతాం, కృతజ్ఞతలు అని. ఆయన సంతోషపడతారనే అనుకున్నాను గానీ అంతగా అనుకోలేదు. చదివించుకుని, మళ్లీ చదివించుకుని, "ఒప్పుకున్నారు చూడు. అయితే మనం ఎంచింది మంచి పుస్తకమే" అన్నారు.

నాకు అనుమతి వచ్చిన రోజున కూడా ఆయనే పక్కన కూర్చున్నారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరం కలిసి చేసింది అయిదే తూటాలు. అందులో ఒకటి ఎందుకో అనుమానంగా ఉందన్నాను. పారేయించారు. ఆ రోజు నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కదానికే. "అనుమానం వచ్చినాక నిలిచిపోయినావు. ఇంక నేను లేకున్నా చేసుకుంటావు."

ఆయన పోయిన తర్వాత మూడో ఆదివారం సార్ భార్య క్లబ్బుకు వచ్చారు. చప్పుడంటే భయమని ఇన్నేళ్లలో ఒక్కసారీ అటువైపు రాని మనిషి. "ఆయన ఏడ నిలబడేవాడు?" అని అడిగారు. కాల్చేచోట్లలో అయిదోదాని వెనక, అడ్డంగా ఉన్న ఇనప కమ్మీ దగ్గర చూపించాను. చప్పుడు తగ్గించే మఫ్‌లు చెవులకు పెట్టబోతే కాసేపు ఆగమన్నారు. అందరూ రైఫిళ్లు దించి చూస్తున్నారు. "నేనొచ్చినానని నిలపొద్దప్పా, కాల్చండి" అని, అప్పుడు తనే మఫ్‌లు తీసి పెట్టుకున్నారు. మొదటి చప్పుడుకు ఒళ్లంతా ఉలిక్కిపడింది. రెండోదానికి కమ్మీ గట్టిగా పట్టుకున్నారు. ఆ తర్వాత ఒక్కో చప్పుడు తర్వాతా మెడ సాచి, దూరాన ఉన్న కాగితాల మీద ఎక్కడ తగిలిందోనని వెతుక్కుంటూ, చాలాసేపు అక్కడే నిలబడ్డారు.