అవాలికి మోసుకెళ్లిన లాటిన్ పుస్తకం

పదిహేను దీనార్లు చెప్పిన పుస్తకాన్ని ఆరుకు దించి కొన్నాను. అది ఏ భాషో తెలియకుండానే కొన్నాను. కోరుట్లలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాడికి ఆ మాత్రం తెగువ ఉంటుంది.

మీనా సల్మాన్ రేవులో ఒక గిడ్డంగి ఖాళీ చేస్తూ, దేశం విడిచిపోయిన దొరల సామాను అమ్మారు. అందులో దొరికింది. చెక్క అట్టలు, తోలు పేజీలు. మొదటి పేజీ మూల పెన్సిలుతో ఏదో నంబరు ఉంటే అస్కర్‌లో మా లేబర్ క్యాంపుకి రాగానే రబ్బరు కొని శుభ్రంగా చెరిపేశాను. వేరే కొట్టు గుర్తున్న గోనెసంచి వస్తే మా నాన్న ముందు ఆ గుర్తు తుడిచేవాడు. అదే అలవాటు.

గదిలో ఉండే సత్తన్న చూసి, "మ్యూజియం సామాన్ లెక్కుంది తమ్మీ. వచ్చే గురువారం ఇంటికి పోతున్నవ్. ఎయిర్‌పోర్టుల దొరికితే దొంగసొమ్మంటరు, ఖలాస్," అన్నాడు. మర్నాడు పనిలో చూపిస్తే, మలయాళీ ఫోర్‌మన్ అది లాటిన్ అని తేల్చి, అవాలిలో ఉండే, లాటిన్ చదవగల గోవా పెద్దాయన చిరునామా ఇచ్చాడు.

శుక్రవారం ఏడున్నరకు బయలుదేరాను. మనామాలో బస్సు మారాలి, ఒక్కోటి మూడు వందల ఫిల్సులు; వెయ్యి ఫిల్సులైతే ఒక దీనారు. రెండో బస్సులో, ఇళ్లలో పనిచేసే రాజోలు ఆవిడ పక్కన కూర్చుంది.

"ఏంటండీ, అంత గట్టిగా అదుముకున్నారు?"

"పుస్తకమండీ. ఆరు దీనార్లు."

"చదవడం వచ్చా?"

"రాదు."

"అయితే ఎక్కువే పెట్టారు."

పదింటికి అవాలిలో, పెద్దాయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకం తెరిచాడు. కాసేపటికి హిందీలో అన్నాడు: "ఇది ఒకటి కాదు, మూడు. పండగల తేదీలు కట్టే లెక్కలు, చచ్చినవాళ్ల కోసం ప్రార్థనలు, పిల్లల వ్యాకరణం. ఎవరో తర్వాత కలిపి కుట్టారు."

ఒకదాని ధరకు మూడు వచ్చాయని నాకు సిగ్గులేని సంతోషం కలిగింది. అంతలో ఆయన మొదటి పేజీని కిటికీ వెలుతురుకు పట్టాడు.

"ఈ నంబరు చెరిపిందెవరు?"

కొన్నప్పుడే లేదనబోయాను. ఆయన వేలు అప్పటికే మూడో భాగం మొదటి పేజీ మీద ఉంది. అక్కడ అదే పెన్సిలుతో మరో నంబరు, పక్కన ఒక లైబ్రరీ పేరు. నేను అంతదూరం తిప్పనే లేదు.

"నేనే," అని గోనెసంచి సంగతి చెప్పాను.

ఆయన నవ్వలేదు. "దొంగలు మొదట చేసే పని అదే. ఎక్కడ కొన్నావో, ఏం చెరిపావో రాసివ్వు. పుస్తకంతో పాటు లైబ్రరీకి పంపుతాను."

"రాసిస్తే నేను దొరికిపోతాను కదా సార్?"

"రాయకపోతే ఈ పుస్తకంతో నేను దొరుకుతాను."

రాసి, గుర్తింపు కార్డు నంబరు వేసి, సంతకం పెట్టాను. తిరుగు బస్సులో ఒడి ఖాళీగా ఉన్నా చేతులు అలాగే అదుముకుని కూర్చున్నాను.

గురువారం ఎయిర్‌పోర్టులో అధికారి పాస్‌పోర్టు తిప్పినంతసేపూ, నేను రాసిచ్చిన కాగితం అప్పుడే అక్కడిదాకా చేరిందేమోనని ఆయన కళ్లే చూశాను. ముద్ర వేశాడు.

విమానంలో లెక్క కట్టాను. పుస్తకం ఆరు దీనార్లు, నాలుగు బస్సులు ఒక దీనారు రెండు వందల ఫిల్సులు, చాయ్ రెండు వందలు, రబ్బరు వంద. మొత్తం ఏడున్నర దీనార్లు. రాబడి సున్నా. బేరమాడకుండా కొన్నది ఆ రబ్బరొక్కటే.