ఇకపై వాడే ఉద్దేశం లేనిది

మనుబోలు దగ్గర కాగితం మిల్లు మూతపడ్డాక అందరూ వెళ్ళిపోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. గుజ్జు ట్యాంకులో మట్టాన్ని బయటి నుంచే కొలిచే పరికరం ఒకటి మాకుండేది. దాని లోపల ఉన్నది సీల్డ్ సోర్స్: స్టీలు గొట్టంలో పెట్టి, వెల్డింగు చేసి, శాశ్వతంగా మూసేసిన కాస్తంత సీజియం, రేడియేషన్ వెలువరించే లోహం. మిల్లు ఆగగానే ఆ పరికరాన్ని ట్యాంకు నుంచి విప్పి ఒక గదిలో పెట్టి తాళం వేశాం. రేడియేషన్ భద్రతాధికారిగా అనుమతి పత్రంలో నా పేరుంది. అది వెళ్ళేదాకా నేను వెళ్ళడానికి లేదు.

రోజూ గూడూరులో బస్సెక్కి తొమ్మిదికి చేరేదాన్ని. తాళం చూసి, గది చుట్టూ రేడియేషన్ కొలిచే మీటరు తిప్పి, రిజిస్టరులో రాసేసరికి పావుగంట. తర్వాత సాయంత్రం దాకా పలకరించేవాళ్ళు లేరు. కొన్నాళ్ళకు మీటరు అంకెలు పైకి చదవడం అలవాటైంది. ఆదివారం చర్చిలో ఒకావిడ అడిగింది.

"మిల్లు మూసేసినారంట గదా, నువ్వు పోయి ఏం చేస్తుండావ్?"

"కాపలా కాస్తుండానక్కా" అన్నాను. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.

మూడు నెలలకోసారి లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వ సంస్థకు పంపే ఫారంలో సోర్స్ వాడుకలో ఉందా లేదా అని ఒక గడి ఉంటుంది. ఉందనే రాయమని యజమాని ఫోన్లో చెప్పారు. మిల్లు కొనేవాళ్ళొస్తే లైసెన్సు చేతిలో ఉండాలట. రెండుసార్లు అలాగే రాశాను.

చివరికి వచ్చింది మిల్లు కొనేవాళ్ళు కాదు, పాత ఇనుము కొనే గూడూరు వ్యాపారి. డెబ్బై దాటిన ముస్లిం పెద్దమనిషి. ఆయన మనుషులు యంత్రాలు కోస్తుండగా, ఒక మధ్యాహ్నం ఆయన పసుపు హెచ్చరిక బోర్డున్న ఆ గది ముందు ఆగారు.

"ఇదేందమ్మా, దీనికింత తాళం?"

నేను చెప్పడం మొదలుపెట్టి అరగంట ఆపలేదు. అంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళైందో. ఆయన ఓపిగ్గా విన్నారు.

"గొట్టాన్ని కోస్తే?"

"కోస్తే ఇంక అది సీల్డ్ సోర్స్ కాదు. లోపలిది మీ చేతులకంటుద్ది, లారీకంటుద్ది, ఇంటిదాకా వస్తుంది."

ఆయన తన మనుషుల్ని పిలిచి, ఇటువైపు ఎవరూ రాగూడదని చెప్పారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ట్యాంకు నిన్ననే కోసేసినాం. ఇంక ఇది దేన్ని కొలవాలమ్మా?"

ఆ వారమే ఫారం పంపాలి. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నిర్వచనం మళ్ళీ చదివాను. అనుమతి ఇచ్చిన పనికి వాడనిది, ఇకపై వాడే ఉద్దేశం లేనిది, వాడుకలో లేని సోర్స్. ఈసారి గడిలో అదే రాసి పంపేశాను. అలా రాస్తే సోర్స్‌ను తయారుచేసినవాళ్ళకు తిప్పి పంపక తప్పదు, లైసెన్సూ మిగలదు.

నాలుగో రోజు యజమాని ఫోన్ చేశారు.

"ఎవర్నడిగి రాశారు?"

"ఉన్నదే రాసినాను సార్." ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆఖరి లారీతో వ్యాపారి కూడా వెళ్ళిపోయారు. నా కుర్చీ, బల్ల మాత్రం ఆయన లారీ ఎక్కించనివ్వలేదు. ఆ తర్వాతి నెలలే కష్టమయ్యాయి. రేకులు తీసేసిన షెడ్లలోంచి సముద్రపు గాలి సూటిగా కొట్టేది. వానకు గొడుగేసుకుని మీటరు తిప్పేదాన్ని.

ఒక ఉదయం సోర్స్ తయారుచేసిన కంపెనీ వాహనం వచ్చింది. ఇద్దరు దిగి, కొలిచి, లీకు లేదని చూసుకుని, పెట్టెలో భద్రంగా దించారు.

"ఒక్కరే ఉంటున్నారా మేడమ్?" అన్నాడు ఒకతను. తలూపాను.

సంతకం పెట్టి, రిజిస్టరు మూసి, గేటు తాళంచెవి యజమానికి పోస్టులో పంపాను.

ఇప్పుడు నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. చుట్టూ ఎప్పుడూ జనమే. అయినా భోజనానికి ఒక్కదాన్నే వెళ్తాను. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే, అది నన్నేనని తెలియడానికి కాస్త సమయం పడుతుంది.