శుక్రవారం సోదిలో ఒక్క అక్షరం

అదేనండీ నేను చెప్పొచ్చేది, ఆ పిల్ల మనసు మంచిదే, నోరే కాస్త పదును. కాలేజీలో అందరూ సోదమ్మ అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే తనే ఎవర్నో అనుకుని పక్కకి చూస్తుంది. ప్రతి శుక్రవారం ఒక కాగితం నిండా ఆ వారం కబుర్లు రాసి, టైపు కొట్టించి, జిరాక్సులు తీయించి అంటిస్తుంది. కాంటీన్లో చేతులు కడుక్కునే కుళాయి పైన ఒకటి, లైబ్రరీ మెట్ల దగ్గర ఒకటి, సైకిల్ స్టాండులో ఒకటి. పైన పెద్దక్షరాల్లో "శుక్రవారం సోది" అని ఉంటుంది. ఆ పేరు తనే పెట్టుకుంది. ఎలాగూ జనం అదే అంటారు, మనమే ముందు అనేసుకుంటే పోలా అని.

ముందు ఆటల సంగతి రాస్తుంది, తర్వాత సినిమాలు, సీరియళ్లు, ఫోన్లో అందరూ చూసి నవ్వుకున్న వీడియోలు. అన్నిటికన్నా కింద "ఊరూ పేరూ లేని పాటలు" అని ఒక ముక్క ఉంటుంది. ఏ కంపెనీ అండా లేకుండా, గదిలోనో గరాజులోనో కూర్చుని తమంతట తాము పాట కట్టుకుని పాడుకునేవాళ్లుంటారు చూడండి, వాళ్ల గురించన్నమాట. ఆ పాటలంటే పిల్లకి ప్రాణం. కానీ చదివేవాళ్లు మాత్రం పై రెండు ముక్కల కోసమే వచ్చేవాళ్లు. ఎందుకంటే అక్కడ వాతలు బాగా పడతాయి.

వాలీబాల్ కెప్టెన్ గురించి ఒకసారి ఏం రాసిందంటే, ఆవిడ బంతిని చూసి భయపడుతోందో, బంతే ఆవిణ్ని చూసి భయపడుతోందో తెలీదు గానీ ఇద్దరూ ఎదురుపడగా మాత్రం నేను చూళ్లేదు అని. కొత్త సినిమా గురించైతే, హీరో ఏడ్చినప్పుడు నా పక్కనామె నవ్వింది, హీరో నవ్వినప్పుడు నిద్రపోయింది, టికెట్టు డబ్బులు నిద్రకి సరిపోయాయి అంది. జనం తడిచేతులు తుడుచుకోడం కూడా మర్చిపోయి చదివి పడీపడీ నవ్వేవాళ్లు. కెప్టెన్ మాత్రం ఆ కుళాయి దగ్గర చేతులు కడుక్కోడం మానేసి బయట పంపు దగ్గరికి పోయేది.

ఇక ఈ పిల్లకో మావయ్య ఉన్నాడు, వాళ్లమ్మకి ఆఖరి తమ్ముడు. ఫ్యాన్లకీ మోటార్లకీ వైండింగు చేసే చిన్న షాపు ఆయనది. లోపలికి వెళ్తే వార్నిష్ వాసన ముక్కుకి కొడుతుంది. మాడిపోయిన రాగి తీగ ఒక మూల కుప్ప, కొత్త తీగ కండెలు ఇంకో మూల, గోడకి రెక్కల్లేని ఫ్యాన్లు వరసగా వేలాడుతుంటాయి. పని పూర్తయిన ఫ్యాను బిగించి స్విచ్చేసి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. మోత సరిగ్గా ఉంటే దాంతోపాటు గొంతు కలిపి చిన్నగా పాడతాడు. పాట నడిచిందంటే ఫ్యాను బాగైపోయినట్టే.

ఆదివారం మధ్యాహ్నాలు షట్టరు సగం దించి ముగ్గురు కూర్చుంటారు. మావయ్య పాడతాడు, సామాన్ల ఆటో నడిపే ఆయన డ్రమ్ములు వాయిస్తాడు, ప్యాంట్లు కుట్టే టైలరు గిటారు పడతాడు. సినిమా పాటలు పాడరు. అన్నీ సొంతంగా కట్టుకున్నవే. అద్దింట్లో గోడకి మేకు కొట్టొద్దన్న ఓనరు మీద ఒకటి కట్టారు. ఎప్పుడూ మన ఎదురుగానే కదిలిపోయే బస్సు మీద ఇంకోటి.

మావయ్య కోరికేంటో చెప్పనా? తన గురించి మేనకోడలు ఒక్క ముక్క రాస్తే చాలనుకునేవాడు. నోరు తెరిచి అడిగింది లేదు. శుక్రవారం వచ్చిందంటే టీ వంకతో కాలేజీ కాంటీనుకి వచ్చి, కుళాయి దగ్గర నిలబడి, ఆ చివరి ముక్క చదివి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయేవాడు. పిల్లకి ఇదంతా తెలుసు. కానీ సొంత మావయ్యని పొగిడితే భజన అంటారని చెయ్యి ఆపుకునేది.

అలాంటిది ఈసారి రాయక తప్పలేదు. కాలేజీ ఆటల రోజు ఆదివారం. వాలీబాల్ ఫైనల్ అయ్యాక, బహుమతులు ఇచ్చేలోపు కాస్త ఖాళీ ఉంది, ఎవరైనా పాడేవాళ్లుంటే చూడమ్మా అని ఆటల మాస్టారు అడిగారు. పిల్ల ఠక్కున మావయ్య వాళ్ల పేరు చెప్పేసింది. అంతమంది జనం ముందు ఆ ముగ్గురూ పాడబోవడం అదే మొదటిసారి. ఆ ముక్క రాసింది గానీ, ఆ శుక్రవారం వాలీబాల్ టీముతోపాటు వేరే కాలేజీకి మ్యాచి చూడ్డానికి వెళ్లాల్సొచ్చి, బస్సులోంచే జిరాక్సు షాపులో టైపు చేసే అక్కకి ఫోన్లో చదివి వినిపించింది. వెనక అమ్మాయిల అరుపులు, ముందు హారన్లు. తను చెప్పింది ఇదీ: "శ్రుతి కోసం ఏళ్ల తరబడి తిప్పలు పడ్డ ఈ గొంతుకి ఇన్నాళ్లకి రాగం కుదిరింది. ఇలాంటి గొంతు మన ఊళ్లో ఇంకోటి లేదు."

అక్క టైపు చేసి, షాపు కుర్రాడితో అంటించింది మాత్రం, ఇన్నాళ్లకి రోగం కుదిరింది అని.

ఇక చూడండి. మనోళ్లలో ఎవడికైనా తగిన శాస్తి జరిగితే రోగం కుదిరింది అంటాం కదా. ఆ ఒక్క అక్షరంతో కింద రాసిన మెచ్చుకోలంతా ఎత్తిపొడుపైపోయింది. ఇలాంటి గొంతు ఇంకోటి లేదన్నది కూడా, లేకపోబట్టే బతికిపోయాం అన్నట్టు వినిపిస్తోంది. ఆ సాయంత్రం పిల్ల బస్సు దిగగానే డ్రమ్ములాయన ఫోన్ చేసి, మీ మావయ్య ఆదివారం పాడనంటున్నాడు, గొంతు బాగోలేదంట, అసలు ఇంకెప్పుడూ బాగవ్వదంట అన్నాడు. కారణం ఏంటో పిల్లకి అర్థం కాలేదు. కాగితంలో ఏమైనా తేడా పడిందేమోనని కాంటీన్ దగ్గరికి పరిగెత్తి చదువుకుంది. ముందు నవ్వొచ్చింది. ఆ వెనకే, మావయ్య కూడా ఈ కుళాయి దగ్గరే నిలబడి చదివుంటాడని గుర్తొచ్చింది. తన వెనకే బస్సు దిగి వచ్చి చదివిన కెప్టెన్ తలూపుతూ, సొంత మావయ్యని కూడా వదల్లేదంటే నీ దగ్గర పక్షపాతం లేదే తల్లీ అని మెచ్చుకుని పోయింది. ఎందుకో ఆ మెచ్చుకోలు పిల్లకి చెంపదెబ్బలా తగిలింది.

మర్నాడు పొద్దున్నే వాళ్లమ్మ పిల్ల చేతికి టేబుల్ ఫ్యాను ఇచ్చింది. తిప్పితే చాలు హుమ్మని ఒకటే మోత, ఆ మోత పోగొట్టి ఇమ్మను, పోయేదాకా అక్కడే కూర్చో అంది. తమ్ముడు అలిగిన సంగతి ఆవిడకి తెలుసు. వాడు నీతో మాట్లాడకపోయినా ఫ్యానుతో మాట్లాడతాడులే, నువ్వు ఆ పక్కన నిలబడు అని కూడా అంది.

షాపులో మావయ్య ఒక మోటారు ముందేసుకుని మాడిన తీగ పీకుతున్నాడు. తల ఎత్తాడు, మళ్లీ దించేశాడు.

"చెప్పండమ్మా, ఏం కంప్లైంటు?"

పుట్టిన దగ్గర్నించీ ఒసే, ఏమే, పిశాచీ అని తప్ప పిలిచి ఎరగడు. అండీ, గిండీ అనేసరికి పిల్ల ఫ్యాను పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"మావయ్యా, నేను రాగం అని చెప్పాను. టైపులో తప్పు పడింది."

"అలాగేనండి. అక్కడ పెట్టండి, చూస్తాం. పేరు చెప్పి వెళ్లండి, చీటీ కట్టాలి."

ఎన్ని చెప్పినా ఇదే వరస. అందరూ టైపు మీదే తోస్తార్లెండి అన్నాడు. ఇంక లాభం లేదని పిల్ల టైపు అక్కకి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టి, నేను నిన్న చెప్పిందేంటి, నువ్వు కొట్టిందేంటి అని నిలదీసింది. అక్క ఏమాత్రం తడుముకోలేదు.

"రాగమో రోగమో సరిగ్గా వినపడలేదమ్మా, హారన్ల గోల. ఏది అయ్యుంటుందా అని ఆలోచించా. ఇన్నేళ్లుగా నీ కాగితం కొడుతున్నా, నువ్వు ఒక్కర్ని మెచ్చుకోగా చూశానా, రాగం అనుకోడానికి? నీ తీరుకి రోగమే కరెక్టనిపించింది."

పిల్ల మొహం చూడాలి మీరు. ఊరూ పేరూ లేని పాటల ముక్కలో వారం వారం ఎంతమందినో ప్రేమగా తలుచుకుంది కదా, మరి టైపు కొట్టే మనిషికి కూడా అవి గుర్తులేవు. వాతలే గుర్తున్నాయి. అక్కని ఏమంటుంది పాపం, సరే అక్కా అని ఫోన్ పెట్టేసింది. మావయ్య పట్టకారు కింద పెట్టాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకుంది. తీరా చూస్తే నవ్వాపుకోలేక అవస్థ పడుతున్నాడు.

"నీ పరువు ఇలా గంగలో కలిసిందేంటే పిశాచీ."

పిశాచీ అన్న మాట వినగానే పిల్లకి ప్రాణం లేచొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చుంది. అయితే రేపు వస్తావుగా అని అడిగింది. మావయ్య మళ్లీ మోటారు వైపు తిరిగాడు. కోపం పోయింది గానీ, దాని వెనకాల దాక్కున్న భయం ఇప్పుడు బయటపడింది. గ్రౌండులో ఆయనకి ఫ్యాను ఉండదు మరి. షాపులో ఎప్పుడూ ఏదో ఒక ఫ్యాను మోగుతూనే ఉంటుంది, ఆ మోతే ఆయనకి శ్రుతి. కరెంటు పోతే గొంతు ఎటు పోతుందో ఆయనకే తెలీదు. ఒకసారి టైలరు వాళ్ల పెళ్లిరోజుకి ఆరుబయట పాడితే, గిటారు ఒక దారి, గొంతు ఒక దారి.

"నువ్వు రోగం అని రాశావనగానే, నిజం ఎలా కనిపెట్టేసిందిరా అనుకున్నానే. అందుకే అంత గుచ్చుకుంది" అన్నాడు నెమ్మదిగా.

పిల్ల లేచి వెళ్లి, ఇంటి నించి తెచ్చిన ఫ్యాను ప్లగ్గు పెట్టి స్విచ్చేసింది. హుమ్మని మొదలైంది. వాళ్లమ్మకి తలనొప్పి తెప్పించిన మోత అది, ఎక్కడా వణుకు లేదు, తరుగు లేదు. మావయ్య చెవి రిక్కించాడు. అలవాటు కొద్దీ నోరు దానంతటదే తెరుచుకుంది. మేకు పాట మొదటి చరణం అయ్యేసరికి రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఇద్దరు ఆగి తొంగి చూశారు.

"దీన్ని బాగు చెయ్యమందా మీ అమ్మ? చేతులు విరగ్గొడతా ముట్టుకుంటే" అన్నాడు.

ఆదివారం గ్రౌండులో మైకుల మధ్య ఆ పాత టేబుల్ ఫ్యాను చూసి, పాడే ఆయనకి ఉక్కపోస్తోంది కాబోలు అనుకున్నారంతా. గాలేమో డ్రమ్ములాయన మొహానికి తగులుతోంది. మొదటి పాటకి జనం కబుర్లు ఆపలేదు, ఉన్నమాట చెప్పాలి కదా. మేకు పాట వచ్చేసరికి ముందు హాస్టల్ వార్డెను నవ్వింది. తర్వాత కాంటీన్ వంటాయన తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఫైనల్ ఓడిపోయి మూతి ముడుచుకుని కూర్చున్న కెప్టెన్ చప్పట్లతో తాళం మొదలుపెడితే టీమంతా అందుకుంది. మావయ్య గొంతు ఎక్కడా దారి తప్పలేదు. కళ్లు మూసుకుని, ఒక చెయ్యి ఫ్యాను మెడ మీద వేసి, స్నేహితుడి భుజం మీద వేసినట్టు, పాడుతూనే ఉన్నాడు.

తర్వాతి శుక్రవారం పిల్ల టైపు అక్క పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. కెప్టెన్ ఓడిపోతున్న ఆటలో మోకాళ్లు కొట్టుకుపోయేలా దూకి లేపిన ఒక బంతి గురించి రాసింది. వాతలు మానేసిందనుకునేరు, సీరియల్ వాళ్లకి ఆ వారం రెండు ఎక్కువే పడ్డాయి. పాటల ముక్కని మాత్రం కింద నించి తీసి అన్నిటికన్నా పైన పెట్టింది. రాగం కుదిరింది అన్న మాట దగ్గర అక్క చెయ్యి ఆపి, ఇది రాగమేనా అంది. రాగమే అక్కా, దీర్ఘం కాస్త పెద్దదిగా కొట్టు అంది పిల్ల.

మావయ్య వాళ్లని పక్క వీధి లైబ్రరీ వాళ్లు వచ్చే నెల పాడమని పిలిచారు. ఆ ఫ్యానేమో షాపులో పై అరలో ఉంది, ముట్టుకోవద్దు అని చీటీ కట్టుకుని. ఇంట్లో వాళ్లమ్మ మాత్రం ఉక్కకి విసనకర్రతో విసురుకుంటూ రోజూ అడుగుతోంది, ఆ మోత పోయిందా లేదా అని. ఇంకా పోలేదమ్మా, మావయ్య చూస్తున్నాడు, ఇవాళ తప్పకుండా తెస్తా అని పిల్ల చెప్పులేసుకుని బయల్దేరింది. ఒక చేతిలో శుక్రవారం కాగితాలున్నాయి, ఇంకో చేతిలో జిగురు డబ్బా ఉంది. ఫ్యాను పట్టుకోడానికి మూడో చెయ్యి ఎక్కణ్నించి తెస్తుంది చెప్పండి.