సీట్లో లేరండీ

ఆఫీసులో ఆయన్ని చాటున "దీపాలాయన" అంటారు. ఆయన బల్లమీది ఫోనులో ఎనిమిది బుల్లి దీపాలున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కొక్కరి ఎక్స్‌టెన్షన్‌ది. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ దీపం ఎర్రబడుతుంది. ఎవరి ఫోను మోగినా ఈయన తన సీట్లోంచే మీట నొక్కి ఎత్తొచ్చు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఈయనకి పట్టుబడిన విద్య ఇదొక్కటే. చూపుడువేలు గోడమీది బల్లిలా ఎప్పుడూ ఆ మీటల మీదే పొంచి ఉంటుంది. రెండో మోతకి సందివ్వడు. "సీట్లో లేరండీ" అనే మాటని చప్పరిస్తూ మరీ అంటాడు.

ఆ రోజు టైపిస్టు పొద్దుట్నుంచీ ఫోను ముందునుంచి కదల్లేదు. మంచినీళ్ళకని లేచిందో లేదో, మోగింది. దీపాలాయన ఎత్తేశాడు.

"నేను వాళ్ళన్నయ్యనండీ. అమ్మకి ఆపరేషనైంది, తెలివొచ్చిందని చెప్పండి, చాలు."

"సీట్లో లేరండీ," అని పెట్టేసి, నోటుబుక్కులో "11.10, సొంత ఫోను" అని రాసుకున్నాడు.

ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "నాకేనాండీ? అన్నయ్యేనా? అమ్మకెలా ఉందట?"

"ఆఫీసు ఫోను ఉన్నది ఆఫీసు పనికమ్మా," అన్నాడు, రాసినదాని కింద గీత గీస్తూ. "ఇంటి సంగతులు నాకెందుకు?"

ఆవిడ వెంటనే అన్నకి ఫోను చేసింది. వింటూ వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏడుస్తూనే నవ్వేసింది. గదిలో అందరూ లేచి ఆవిడ చుట్టూ చేరారు.

దీపాలాయన తలెత్తలేదు. ఆవిడ దీపం ఎరుపు ఆరేదాకా కాచుక్కూర్చుని, అప్పుడు రాసుకున్నాడు: "నాలుగు నిమిషాలు."