సర్వర్ రూములో మహానంది వేసే శిక్ష

డోన్ రైల్వే గేటు దాటగానే వచ్చే పెద్దసుబ్బయ్య శెట్టి పార్సెల్ ఆఫీసులో మహానంది అని ఒక మనిషి ఉండేవాడు. ఆయనకు ఒకే ఒక్క జబ్బు. ఎవరు ఏ తప్పు చేసినా, ఒక్కోసారి చేయకపోయినా, వాళ్లను సర్వర్ రూములోకి తోసి నిలబెట్టేవాడు. తిట్టేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. తిట్టి, తలుపు తెరిచి, లోపలికి తోసి, రెండు గంటల దాకా వదలనివాడు మాత్రం జిల్లా మొత్తానికి ఈయనొక్కడే.

మనిషి చూస్తే చీపురుపుల్ల, గొంతు వింటే గూడ్సు బండి. ఉద్యోగం కంప్యూటర్ల ఇన్‌చార్జి. కంప్యూటర్లను ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆయన కోపమంతా మనుషుల మీదే, అందులోనూ హమాలీల మీద.

"ఏమప్పా శేషన్నా, పెట్టె తలకిందులు పెడితివే! లోపలికి పో, నిలబడు!"

"నేను పెట్టలేదు సారూ, కంబన్న పెట్టినాడు."

"చాడీలు చెప్తాండావా? అదింకా పెద్ద తప్పు. కంబన్నా, నువ్వు గూడా పో!"

ఊడ్చే గిడ్డమ్మకు అరవై ఏళ్లు. ఒకనాడు వేగంగా ఊడ్చిందని లోపల నిలబెట్టాడు, మర్నాడు నిదానంగా ఊడ్చిందని నిలబెట్టాడు. మూడోనాడు ఆమె భయపడి ఊడవనే లేదు. "పని ఎగ్గొడతాండావా!" అని ఆనాడూ నిలబెట్టాడు.

ఇదంతా చూసి కడుపు మండిపోయేది నాగశ్రీకి. రెండువేల ఎనిమిది వేసవిలో కర్నూలు నుంచి కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఇంజనీరు ఆ పిల్ల. పెద్దసుబ్బయ్యకు వరసకు తమ్ముడి కూతురు. మధ్యాహ్నం ఒంటిగంటకు హమాలీలు తలలు వంచుకుని వరసగా సర్వర్ రూములోకి పోతుంటే, పళ్లు కొరుక్కుంటూ చూసేది. ఆ గదికి కిటికీ లేదు. తాళం మహానంది మొలతాడుకే ఉంటుంది. లోపలి నుంచి ఆయన అరుపులు మాత్రం రోడ్డు మీదికి వినిపించేవి. "కదలొద్దు! చేతులు కట్టుకో! గోడకు ఆనుకుంటివంటే చూడు!"

మూడు గంటలకు బయటికి వచ్చేటప్పుడు వాళ్లు గజగజ వణికేవాళ్లు. శేషన్న చెవులకు తువ్వాలు చుట్టుకుని వచ్చేవాడు.

"ఏమైంది గిడ్డమ్మా, అట్ల వణుకుతాండావు?"

"సారు శానా అరిచినాడు పాపా," అని గిడ్డమ్మ ముఖం తిప్పేసుకునేది.

నాగశ్రీకి ఒళ్లు మండేది. ముసలామెను వణికేదాకా తిడతాడా, వీడొక మనిషేనా అనుకునేది. శెట్టితో చెబుదామని చాలాసార్లు ఫోను తీసింది. ముందు తన పని ఒక కొలిక్కి వస్తే గాని తన మాటకు విలువ ఉండదని మళ్లీ పెట్టేసింది.

ఆ పని అప్పగించింది శెట్టే. "మిషన్‌కు ఏసీ పెట్టించినా గదా తల్లీ. అది యాడ వేడెక్కుతాండాదో, ఎప్పుడు వేడెక్కుతాండాదో నాకు కర్నూల్లో కూచుంటే కనపడల్ల. ఎవడో ఆ తలుపు తీసి చల్లగాలి బయటికి పంపుతాండాడని నా అనుమానం. దొరికినోణ్ణి ఆ పొద్దే పనిలోనుంచి తీసేస్తా. ఈ నెలలోపల చూపిస్తే నీ ఉద్యోగం ఖాయం. ల్యాకపోతే బెంగళూరు నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తా, నువ్వు ఇంటికి పోవచ్చు." పెదనాన్న వరసైనా వ్యాపారం వ్యాపారమే మరి.

సర్వరు లైనక్సు మీద నడిచేది. దాని బాగోగులు చూపించే పేజీ ఒకటి అప్పటికే ఉంది. అందులో డిస్కు ఎంత నిండిందో కనిపించేది, మెమరీ ఎంత వాడిందో కనిపించేది. సీపీయూ వేడి అని ఉన్నచోట మాత్రం ఖాళీ. సెన్సర్ల కమాండు కొడితే, నాకేమీ దొరకలేదు పొమ్మని జవాబు. బోర్డులో సెన్సరు ఉంది, దాన్ని చదివే మాడ్యూల్ అనే చిన్న ప్రోగ్రాము ఎక్కలేదు, అంతే కదా అనుకుంది నాగశ్రీ. వెతికే ప్రోగ్రామును నడిపింది. అది అడిగిన ప్రశ్నలన్నిటికీ అవును, అవును అని కొట్టుకుంటూ పోయింది. మాడ్యూల్ ఎక్కింది. పేజీలో నలభై ఒకటి అని అంకె పడింది. నాగశ్రీ కుర్చీలోనుంచి ఎగిరింది.

సాయంత్రం చూస్తే మళ్లీ ఖాళీ.

మళ్లీ ఎక్కించింది. మళ్లీ పోయింది. సర్వరు స్టార్టయినప్పుడే ఎక్కేటట్టు రాసింది. అయినా పోయింది. లైనక్సుకు గుండెకాయ లాంటి కెర్నల్ తప్పేమోనని కెర్నల్‌ను తిట్టింది, బోర్డు తప్పేమోనని బోర్డు చేసినవాళ్లను తిట్టింది, సలహా అడిగితే "ముందు మాన్యువల్ చదవండి" అని జవాబిచ్చిన ఇంటర్నెట్ మహానుభావులను మరీ మరీ తిట్టింది. నెత్తిమీది ఫ్యాను ఈ మూలనున్న వేడిగాలిని ఆ మూలకు మోసి, మళ్లీ ఈ మూలకు తెచ్చేది.

"సార్, నన్ను ఒకసారి లోపలికి పోనీండి. బోర్డు చూడల్ల," అని అడిగింది మహానందిని.

"ఈడనుంచే చూసుకో! వేడి చెప్పేదానికి దానికి ఇష్టం ల్యాదు. పీక పట్టుకుని అడిగితే చెప్తాదా?"

"మిషన్‌కు ఇష్టాయిష్టాలు ఉంటాయా సార్?"

"నీకుండంగా దానికుండగూడదా? గమ్మున కూచోమ్మా!"

చదువుకున్న మనిషి మాట్లాడే మాటలేనా ఇవి? అప్పుడే ఆమెకు అనుమానం తగిలింది. మర్నాడే శెట్టి వస్తానన్నాడు. ఆ మధ్యాహ్నం ఆమె అన్నానికి లేవలేదు. సర్వరు వేడిని క్షణక్షణం చూపించేటట్టు పెట్టుకుని, స్క్రీను ముందు కాపలా కూర్చుంది. నలభై ఒకటి. నలభై ఒకటి. ఒంటిగంటకు గిడ్డమ్మ, హమాలీలు తలలు వంచుకుని లోపలికి పోయారు. నలభై రెండు. నలభై నాలుగు. నలభై ఆరు. అంకె చటుక్కున మాయమైంది. సర్వరు మీద ఇంకా ఎవరున్నారని అడిగితే, లోపలి కీబోర్డు దగ్గర ఒకే ఒక్క పేరు చూపించింది. మహానంది.

అంటే ఇన్నాళ్లూ తను ఎక్కించడం, ఈయన దించడం! నాగశ్రీ కోపం నషాళానికి అంటింది. వెళ్లి తలుపును భుజంతో ఒక్క తోపు తోసింది. గడియ సరిగ్గా పడలేదు కాబోలు, తలుపు తెరుచుకుంది.

లోపల ఎవరూ నిలబడి లేరు. పార్సెళ్లకు చుట్టే గోనెపట్టాలు పరుచుకుని శేషన్న వెల్లకిలా నిద్రపోతున్నాడు. కంబన్న అట్టపెట్టె మీద తలపెట్టి గురక పెడుతున్నాడు. ఇంకో నలుగురు గోడవారగా ముడుచుకుని ఉన్నారు. గిడ్డమ్మ రెండు దుప్పట్లు కప్పుకుని, ముక్కు మాత్రం బయట పెట్టింది. వీళ్లందరి మధ్య మహానంది స్టూలు మీద కూర్చుని, తలుపు వైపు తిరిగి, ముఖం ఎర్రగా చేసుకుని అరుస్తున్నాడు. "నిలబడు! చేతులు కట్టుకో! కదిలితే కాళ్లు విరగ్గొడతా!" కంబన్న పక్కకు ఒత్తిగిల్లాడు.

నాగశ్రీని చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"తలుపెయ్యి తల్లీ, చల్లగాలి పోతాండాది," అన్నాడు.

"మీరేనా ఆ అంకె తీసేస్తాండేది? నా ఉద్యోగం పోతాండాది సార్ ఈడ!"

"పోయినేడు ఇదే ఎండకు బొజ్జన్న ఆ రేకుల కింద ముగ్గురాయి బస్తా మోస్తా మోస్తా పడిపోయినాడు. నోట్లోనుంచి నురగ. ఆస్పత్రిలో వారం దినాలుండి బతికినాడు, ఇప్పుడు ఆత్మకూర్లో మేకలు కాసుకుంటాండాడు. ఒగ కూలరు పెట్టించు శెట్టీ అంటే, హమాలీలకు కూలరేందప్పా అని నవ్వినాడు. ఈడ జూస్తే ఒగ ఇనప డబ్బాకు చలి పెట్టిస్తిమి! నాకు కోపం రాదా?"

"నాతో చెప్పొచ్చు గదా!"

"నువ్వు శెట్టి చుట్టానివి. నీతో చెప్తే ఆయనతో చెప్పినట్టే. ఇంతమంది మనుషుల ఊపిరికి గది వేడెక్కుతాది, మిషనూ వేడెక్కుతాది. నీ గ్రాఫు దాన్ని పొద్దుకొకసారి చూపిస్తే శెట్టి ఊరుకుంటాడా? అందుకే తీసేస్తాండా."

నాగశ్రీ తలుపేసి బయటికి వచ్చింది. ఇప్పుడు ఎవరి మీద కోపపడాలో తెలియక ఇంకా కోపమొచ్చింది. అంకె కనిపిస్తే వీళ్లు పోతారు, కనిపించకపోతే తను పోతుంది. సాయంత్రం మాడ్యూల్‌ను మళ్లీ ఎక్కించింది. మహానంది దగ్గరికి వెళ్లి, "రేపు శెట్టి పోయేదాకా దీన్ని ముట్టుకుంటే మాత్రం నేనూరుకోను సార్," అంది.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు పెద్దసుబ్బయ్య వచ్చి స్క్రీను ముందు కూర్చున్నాడు. వేడి చూపించే గీత పొద్దున్నుంచి చాప పరిచినట్టు పోయి, ఒంటిగంట దగ్గర ఎద్దు మూపురంలా లేచి, మూడింటికి దిగింది. నిన్నటి దాంట్లోనూ, మాయమయ్యేలోపల, మూపురం మొదలు కనిపిస్తోంది.

"దొరికినాడు దొంగ! ఒంటిగంటకు ఎవరప్పా ఆ గదిలోకి పోయేది? మహానందీ, నిన్నే!"

మహానంది మొలతాడుకున్న తాళం తడుముకున్నాడు. హమాలీలు గుమ్మం బయట బొమ్మల్లా నిలబడ్డారు. నాగశ్రీ వాళ్లను చూసింది, ఆయనను చూసింది. పిడికిలి బిగించింది.

"అది మహానంది సార్ వేసే శిక్ష పెద్దనాయనా!"

"శిక్షేంది?"

"తప్పు జేసినోళ్లను ఏసీ గదిలో నిలబెడతాడు. రోజూ రెండు గంటలు. ముసలామెను గూడా వదిలిపెట్టడు. కావాలంటే ఊర్లో ఎవరినైనా అడగండి, రోడ్డు మీదికి వినపడతాడు."

పెద్దసుబ్బయ్య నోరు తెరిచాడు. ఆయనకు ఏసీ అంటే చచ్చే భయం. ఐదు నిమిషాలు కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయి. కర్నూల్లో బ్యాంకుకు పోతే మఫ్లరు కట్టుకుని పోతాడు.

"రెండు గంటలా! ఆ చలిలోనా! మహానందీ, నువ్వు మనిషివా రాక్షసుడివా?" అని లోలోపల లెక్క వేసుకున్నాడు. జీతం కోస్తే గొడవలు, పనిలోంచి తీస్తే కొత్తవాళ్లు దొరకరు, ఇదయితే చేతి నుంచి పైసా పడదు. "సర్లే. పనిలో భయముండల్ల గదా. నిలబెట్టు. ముసిలామె మాత్రం పాపం, కప్పుకొనేదానికి ఏమైనా ఇయ్యప్పా. మనిషి పోతే నాకు చుట్టుకుంటాది."

"ఇస్తాను శెట్టీ," అన్నాడు మహానంది నేల చూస్తూ.

"పాపా, గ్రాఫు బాగుండాది. నువ్వు ఈడనే ఉండు," అని చెప్పి, సర్వర్ రూము వైపు నుంచి వచ్చిన కొంచెం చల్లగాలికే మెడకు కండువా చుట్టుకుని శెట్టి కారెక్కాడు.

కారు మలుపు తిరిగేదాకా ఎవరూ కదలలేదు. తర్వాత మహానంది గొంతు గూడ్సు బండిలా మళ్లీ లేచింది.

"ఏమ్మా నాగశ్రీ! శెట్టి ముందర నన్ను రాక్షసుణ్ణి జేస్తివి గదా!"

"నేనెక్కడ జేసినా సార్, మీరే గదా రోజూ అయ్యేది."

"ఎదురు మాట్లాడతాండావా? అన్నం గూడా తినకుండా ఈ ఫ్యాను కింద ఉడుకుతాండేది నాకు కనపడల్యాదనుకున్నావా? అది అన్నిటికంటే పెద్ద తప్పు! క్యారియరు తీసుకో. పో, లోపల నిలబడు!"

నాగశ్రీ క్యారియరు తీసుకుని తల వంచుకుని పోయింది. వెనకే వచ్చిన గిడ్డమ్మ గోనెపట్టా దులిపి పరిచింది. "కూచో పాపా," అంది. మొదటిసారి పడిన శిక్ష కదా, నాగశ్రీ మర్యాదకు రెండు నిమిషాలు నిలబడి, ఆ తర్వాత కూర్చుని అన్నం తింది.