కుందేలు సాక్ష్యం

మొన్న మడికొండలో మా అబ్బాయి ఇంట్లో ఫ్రిజ్ తెరిచి, చిన్న సీసాలో పాలు కనిపిస్తే చాయ్‌లో పోసుకోబోయాను. "అత్తమ్మా, అవి బాబువి" అని కోడలు చెయ్యి పట్టుకున్నాక గానీ, ఆఫీసుకు పోయేముందు ఆమె పిండి దాచుకున్న పాలని నాకు తట్టలేదు. అదీ, తల్లిపాల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో నా పని కలరా విషంతో. పేగులోంచి నీళ్లన్నీ తోడేసి మనిషిని వడలిపోయేట్టు చేసేది ఆ విషమే. మత్తిచ్చిన కుందేలు పేగును దారంతో అక్కడక్కడా ముడివేసి, ముడుల మధ్య విషం ఎక్కిస్తే మర్నాటికి అక్కడ నీరు నిండి ఉబ్బుతుంది. తల్లిపాలు దాన్ని ఆపగలవా అన్నది నా ప్రశ్న. ఇంట్లోవాళ్లు మాత్రం మా పిల్ల కుందేళ్లకు కుట్లు వేయడం నేర్చుకుంటోందని చెప్పుకునేవారు.

ఆ వానాకాలం పరకాల దిక్కు నుంచి ఒక బాలింత కలరాతో దవాఖానకు వచ్చి, సెలైన్ ఎక్కించాక తేరుకుంది. ఆమె అత్త మాత్రం పాలకూ రోగం అంటిందని పసివాణ్ని రొమ్ముకు పట్టనివ్వక చక్కెర నీళ్లు తాగిస్తుంటే, వాడికి ఏడ్చే ఓపిక కూడా తగ్గిపోతోంది. డాక్టర్లు చెప్పారు, నర్సులు కసిరారు, ఆమె కదల్లేదు. నేనూ కదలదలచుకోలేదు. ఎట్లాగూ పిండి పారబోసే పాలే కదా, కొన్ని నాకిమ్మన్నాను.

"నీ కుందేలు సచ్చినా బతికినా నా మనుమనికేం ఒరుగుతది బిడ్డా?" అంది. మీ కండ్లతోనే చూడండన్నాను. పాలను ఎవరైనా తొక్కితే తల్లికి ఇంకిపోతాయట, మిగిలినవి ఎవరి కాలికిందా పడకుండా చెట్టు మొదట్లో పోస్తేనే ఇస్తానంది, ఒప్పుకున్నాను. ఒక్క కుందేలుతో ఏం రుజువవుతుందని నా పరిశోధన చూసే మా సారు నవ్వారు. నిజమే, రాత్రంతా నాకేమీ పాలుపోలేదు, ఆ మాట ఇక్కడ వాడొచ్చో లేదో గానీ.

మర్నాడు ఆమెను ల్యాబ్‌కు తీసుకొచ్చి చూపించాను. వట్టి విషం పోసినచోట పేగు బుడగలా ఉబ్బింది; విషంలో ఆమె కోడలి పాలు కలిపి పోసినచోట మెత్తగా, మామూలుగా ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండింటినీ వంగి వంగి చూసింది. మిగిలిన పాలెక్కడ పోసినవని అడిగింది. కిటికీలోంచి బొప్పాయి మొక్కను చూపించాను. తిన్నగా వార్డుకు నడిచి, మనుమణ్ని ఎత్తి కోడలి ఒళ్లో పెట్టింది. కుందేలును నమ్మిందో, బొప్పాయిని నమ్మిందో నాకిప్పటికీ తెలియదు. నా థీసిస్‌లో మాత్రం కుందేలు ఒక్కటే ఉంది.

ఇప్పుడు తల్లిపాల విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు, దాని కోసం అప్పట్లో మేమెంత పట్టుబట్టామో గుర్తున్నవాళ్లమే తగ్గిపోయాం. మొన్న ఫ్రిజ్ తెరిచిన రోజు సాయంత్రం బాబు తాగగా మిగిలినవి కోడలు సింకులో వంచబోతుంటే అడిగి తీసుకుని, బాల్కనీలో కరివేపాకు కుండీలో పోశాను. సైన్సు చదివి ఇదేం పనత్తమ్మా అని నవ్వింది. నాలుగో అంతస్తులో ఎవరి కాలూ పడని మట్టి నాకు అదొక్కటే దొరికింది.